ఎర, మాటు, చిరుతపులి: వేట చరిత్రలో రెండు ప్రశ్నలు

చిరుతపులి వేటకు మనిషి కనిపెట్టిన మార్గాలలో ఎర కట్టి మాటు కాయడం ముఖ్యమైనది. పెద్దపులి వేటలో వలె డప్పులు మోగించి, నలువైపుల నుండి అదిలించి, తుపాకుల ముందుకు తోలడం చిరుత విషయంలో అంతగా ఫలించదు. అది ఒంటరిగా, చీకటివేళ, చప్పుడు లేకుండా తిరిగే జంతువు. చిన్న పొదలో నక్కి, తోలేవారిని తనను దాటిపోనిచ్చి, వెనుక నుండి జారుకోగలదు. చెట్టెక్కనూ గలదు. కనుక వేటగాడు దానిని వెదుకుతూ పోవడం మాని, అదే తనవద్దకు వచ్చే ఏర్పాటు చేస్తాడు. అది తిరిగే దారిలో మేకనో కుక్కనో గుంజకు కట్టివేస్తారు. లేదా అది చంపి సగం తిని వదిలిన పశువు కళేబరాన్నే అక్కడ ఉండనిస్తారు. దగ్గరలోని చెట్టు మీద మంచె కట్టి, దానిచుట్టూ ఆకుల కొమ్మలు కప్పి, వేటగాడు పొద్దు గుంకక ముందే ఎక్కి కూర్చుంటాడు. ఆఫ్రికా ఖండంలోని కొన్ని దేశాలలో చచ్చిన జంతువును చెట్టుకొమ్మకు వేలాడగట్టి, కొంత దూరాన నేల మీద గడ్డితో అల్లిన చాటు నుండి కాల్చడం వాడుక. అక్కడ ఈ వేట నేటికీ అనుమతి పత్రాలతో, చట్టబద్ధంగానే జరుగుతున్నది.

వేటగాళ్ళు రాసిన పుస్తకాలలో మంచె మీది మనిషి ఓర్పు గురించి, గురి గురించి, చీకటి గురించి ఎన్నో పుటలు ఉంటాయి. గుంజకు కట్టిన మేక గురించి ఉండేది ఒకటి రెండు వాక్యాలు. అది అరవాలి. అరవడానికే అది అక్కడ ఉన్నది. మనుషులు తనను విడిచి వెళ్ళారని తోచినప్పుడే మేక గట్టిగా అరుస్తుంది. పైన మనిషి ఉన్నాడని తెలిస్తే ఊరకుంటుంది. అందుచేత అనుభవజ్ఞులు మేకను కట్టకముందే మంచె ఎక్కి దాక్కుంటారు. వేట నేర్పులో ఇది మొదటి పాఠాలలో ఒకటి.

ఇస్లామీయ ధర్మశాస్త్ర గ్రంథాలు ఇదే దృశ్యాన్ని ఇంకొక వైపు నుండి చూశాయి. వాటిలో మంచె గురించి గాని, తుపాకి గురించి గాని విశేష ప్రసంగం లేదు. అయితే రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది: వైరం ఎవరు మొదలుపెట్టారు? రెండవది: కట్టివేయబడిన ప్రాణికి ఉన్న హక్కు ఏమిటి? ఈ రెండు ప్రశ్నల వెలుగులో చిరుత వేట చరిత్రను కొంత పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్ల చిక్కు

ముందుగా పేర్ల సంగతి తేల్చుకోవాలి. అరబ్బీలో నమిర్ అంటే చిరుతపులి. ఫహద్ అంటే వేటకు పెంచే చీతా. ఫార్సీలో ఇవే వరుసగా పలంగ్, యూజ్. ఉత్తరాది ఉర్దూలో చిరుతను తేందువా అంటారు. దక్కనులో బోర్‌బచ్చా అనడం ఉంది. ఇంతవరకు గందరగోళం లేదు. కాని పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల రచయితలు చీతాకు ‘వేట చిరుత’ అని అర్థమిచ్చే పేరు పెట్టారు. ఆ ఆంగ్ల గ్రంథాల ఆధారంగా చేసిన దేశభాషల అనువాదాలలో ఫహద్ కాస్తా చిరుతపులి అయిపోయింది. ఫలితంగా అబ్బాసీ ఖలీఫాలు, మొగలు పాదుషాలు చిరుతపులులను గొలుసులు వేసి వేటకు తీసుకుపోయారని చదువరులు నమ్మవలసి వచ్చింది. వారు తీసుకుపోయినది చీతాను. మన దేశంలో అంతరించినట్లు 1952లో ప్రకటించబడి, 2022లో ఆఫ్రికా నుండి తిరిగి తేబడినది ఆ జంతువే.

ఈ తేడా కేవలం నిఘంటువుకు సంబంధించినది కాదు. ఫహద్ మనిషికి వేటలో తోడు. నమిర్ ఏనాడూ అలా కాలేదు. షైజర్ కోట వాసి, క్రూసేడు యుద్ధాల కాలపు యోధుడు ఉసామా ఇబ్నె మున్‌ఖిజ్ (క్రీ.శ. 1095–1188) తన స్వీయచరిత్ర ‘కితాబుల్ ఇఅతిబార్’లో రెండింటి గురించీ రాశాడు. ఆయన తండ్రి పెంచిన ఆడ చీతా ఇంటి ఆవరణలోనే ఉండేది. దానికి పరుపు, సేవకు ఒక పనికత్తె. అడవిలో జింకలను పడగొట్టే ఆ జంతువు ఇంట తిరిగే జింకల జోలికి పోయేది కాదట. నమిర్ కథ వేరు. హునాక్ అనే ఊరిలో పాడుబడిన చర్చి గోడకున్న ఎత్తైన కిటికీలో ఒక చిరుత రోజూ మధ్యాహ్నం వచ్చి పడుకొని, సాయంత్రం దిగి పోయేది. ఆ ఊరి ఏలిక అయిన ఫ్రాంకు యోధుడు అది విని, కవచం తొడిగి, గుర్రమెక్కి, బల్లెం పట్టి దాని మీదికి వెళ్ళాడు. చిరుత కిటికీ నుండి దూకి, గుర్రం మీదనే అతని వెన్ను విరిచి చంపింది. ఊరి రైతులు ఆ చిరుతకు ‘ముజాహిద్’ అని బిరుదు తగిలించారని ఉసామా నవ్వుతూ చెప్పాడు. ఈ గ్రంథపు ఏకైక ప్రతిని స్పెయిన్ దేశపు ఎస్కోరియల్ గ్రంథాలయంలో డెరెన్‌బుర్గ్ అనే పండితుడు 1880లో గుర్తించగా, 1929లో ఫిలిప్ హిట్టీ దానిని ఆంగ్లంలోకి తెచ్చాడు.

ఈ కథలో గమనించవలసినది ఒకటుంది. ఆ చిరుత ఎవరినైనా బాధించినట్లు ఉసామా చెప్పలేదు. అది నిద్రపోతున్నది. వైరం మొదలుపెట్టినది ఆ యోధుడు.

మొదలుపెట్టినది ఎవరు?

కోరపళ్ళు గల క్రూరమృగాల మాంసాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. కాబట్టి చిరుతను తినడానికి వేటాడే ప్రశ్న లేదు. మరి దేనికి వేటాడవచ్చు? హనఫీ ధర్మశాస్త్రంలో ప్రామాణిక గ్రంథమైన ‘హిదాయా’ కర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ (హి. 593/ క్రీ.శ. 1197) తినరాని జంతువుల వేట కూడా సమ్మతమేనని చెప్పి, రెండు ప్రయోజనాలు చూపాడు. ఒకటి, చర్మం, వెంట్రుకలు మొదలైనవాటిని వినియోగించుకోవడం. రెండు, వాటి కీడును తొలగించుకోవడం.

మొదటి ప్రయోజనం చిరుత విషయంలో చాలా ఇరుకైనది. చిరుత చర్మాలపై కూర్చొని స్వారీ చేయడాన్ని, క్రూరమృగాల చర్మాలు ధరించడాన్ని వారించే హదీసులు అబూదావూద్ సంకలనంలో ఉన్నాయి. చిరుత చర్మం వెంట ఉన్న బృందంతో దైవదూతలు కలిసి నడవరన్న ఉల్లేఖనం కూడా అందులోనే ఉంది. చర్మాన్ని ఊనితే శుద్ధి అవుతుందా లేదా అన్న చర్చ వేరు. ఇచ్చట వారింపుకు కారణంగా పండితులు చెప్పినది గర్వం, డాబు, పరరాజుల ఆడంబరాన్ని అనుకరించడం. దివాణపు గోడకు వేలాడే చిరుత చర్మం సరిగ్గా ఈ కోవకే చెందుతుంది. ఇక మిగిలినది రెండవ ప్రయోజనం: కీడు తొలగించుకోవడం.

ఇక్కడే మొదటి ప్రశ్న ఎదురవుతుంది. ఇహ్రామ్ స్థితిలో ఉన్న హాజీకి నేలమీది వేటను దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరాలో నిషేధించింది. అయితే ఆ స్థితిలో క్రూరమృగం ఎదురైతే? మదీనా పండితుడు ఇమామ్ మాలిక్ (రహ్) తన ‘మువత్తా’లో సింహం, చిరుత, చీతా, తోడేలు వంటి మనుషులను గాయపరచి భయపెట్టే జంతువులన్నిటినీ చంపవచ్చునన్నారు. హనఫీ పండితులు ఇంకొక మెట్టు విచారించారు. మృగం మీదపడితే చంపినవానిపై ఏ పరిహారమూ లేదు. అది మీదపడకుండానే తానే వెళ్ళి చంపితే పరిహారం ఉంది. కాని అది ఒక గొర్రె విలువకు మించదు. దీనికి మర్గీనానీ చూపిన ఆధారాలలో ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక క్రూరమృగాన్ని చంపి, పరిహారంగా ఒక పొట్టేలును సమర్పించి, మొదలుపెట్టినది తామే గనుక అన్నారట.

మదర్సాలో హిదాయా పాఠం చదివిన రోజులలో ఈ మాట మీద మా తరగతి ఎక్కువసేపు ఆగలేదు. హజ్ ప్రకరణంలో పరిహారాల లెక్కల నడుమ అది ఒక చిన్న వాక్యం. ఏళ్ళ తరువాత విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చార్లెస్ హామిల్టన్ 1791లో ప్రకటించిన ఆంగ్ల హిదాయాలో దానికోసం వెదికితే కనబడలేదు. న్యాయస్థానాల అవసరం కోసం తయారైన ఆ అనువాదంలో జకాత్ తప్ప ఆరాధనల ప్రకరణాలన్నీ వదిలివేయబడ్డాయి. నమాజు లేదు, రోజా లేదు, హజ్ లేదు. వేట ప్రకరణం మాత్రం ఉంది. అనగా, బ్రిటిషు కాలంలో ఆంగ్లం ద్వారా మన ధర్మశాస్త్రం తెలుసుకున్నవారికి క్రూరమృగాన్ని వేటాడవచ్చునన్న అనుమతి అందింది గాని, ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్న అందలేదు.

ఒక జాగ్రత్త చెప్పవలసి ఉంది. ఈ పరిహారం ఇహ్రామ్ స్థితికి సంబంధించిన విధి. మామూలు రోజులలో చిరుతను చంపినవాడు పొట్టేలు ఇవ్వాలని ఏ పండితుడూ చెప్పలేదు. ఆ ప్రశ్నను వేటకంతటికీ కొలబద్దగా తీసుకోవడం ఈ వ్యాసకర్త ఊహ మాత్రమే. కాని అది నిరాధారమైన ఊహ కాదు. వినోదానికి పిచ్చుకను చంపినా రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవాలన్న అర్థం గల హదీసు నసాయీ సంకలనంలో ఉంది. మృగం కీడు చేసినందువల్ల చంపడం వేరు. చంపవలెనన్న కోరిక పుట్టి, కీడును కారణంగా చూపడం వేరు.

కట్టివేయబడిన ప్రాణి

రెండవ ప్రశ్న ఎరకు సంబంధించినది. ఖురైషు యువకులు కొందరు ఒక పక్షిని కట్టివేసి, గురి తప్పిన ప్రతి బాణాన్ని దాని యజమానికి ఇచ్చేట్లు ఒప్పందం చేసుకొని బాణాలు వేస్తున్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి) అటుగా రావడం చూసి చెల్లాచెదరయ్యారు. ప్రాణమున్న దేనినైనా గురిగా నిలిపినవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన వారికి తెలిపారు. జంతువులను కట్టి ఉంచి చంపడాన్ని ప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ అనస్ (రజి) కూడా ఇటువంటి సందర్భంలోనే చెప్పారు. బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఈ వృత్తాంతాలు ఉన్నాయి.

మంచె కింది మేక గురి కాదు, ఎర మాత్రమే అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే. ఈ హదీసులు దానికి నేరుగా వర్తించవు. అయితే ఎర గురించే మాట్లాడిన పండితులు ఉన్నారు. హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా (హి. 620/ క్రీ.శ. 1223) ‘అల్ ముగ్నీ’లో వానపాములతోను, ప్రాణమున్న ఏ ఇతర జీవితోను ఎర వేసి పట్టడాన్ని అయిష్టకరం, అనగా మక్రూహ్ అని చెప్పాడు. కారణం ప్రాణిని హింసించడం. ఆ విధంగా పట్టిన జంతువు మాత్రం ధర్మసమ్మతమే. గుడ్లగూబ వంటి పక్షి కళ్ళు కుట్టి, కట్టివేసి, దాని చుట్టూ మూగే పక్షులను పట్టే పద్ధతి ఒకటి ఆనాడు ఉండేది. ఆ ఎర పక్షిని షబాష్ అనేవారు. హంబలీ గ్రంథాలు దానినీ ఇదే కారణంతో గర్హించాయి.

వానపాము సంగతి అంతటి ధర్మశాస్త్ర మహాగ్రంథంలో చోటు చేసుకోవడం చూసి నవ్వుకునేవారు ఉండవచ్చు. కాని ఆలోచిస్తే, అది వేటగాళ్ళ పుస్తకాలలో మేకకు దక్కని చోటు. పండితులు వేటను నిషేధించలేదు. దొరికిన జంతువును నిషిద్ధమనలేదు. ఎరకు పడిన బాధను మాత్రం లెక్కలోంచి జారిపోనివ్వలేదు.

అక్బరు బోను, జహాంగీరు లెక్క

ఈ విచారణ గ్రంథాలలోనే ఉండిపోయిందా, లేక ఆచరణలో ఎక్కడైనా దీనికి పోలిక కనబడుతుందా? అబుల్ ఫజల్ ‘ఆయీనె అక్బరీ’లోని వేట ప్రకరణం ఈ సందర్భంలో చదవదగినది. పులిని పట్టే పద్ధతులు అందులో కొన్ని ఉన్నాయి. మొదటిది బోను. ఇనుప కట్లు గల పెద్ద బోనును పులి తిరిగే చోట తలుపు తెరచి ఉంచుతారు. కొంచెం కదిలితే చాలు, తలుపు పడిపోతుంది. లోపల ఒక మేకను ఉంచుతారు. అయితే పులికి కనబడేటట్లు, అందకుండా ఉండేటట్లు, నడుమ అడ్డు కట్టి ఉంచుతారు. రెండవది, పులి నడిచే దారిలో విషపు బాణం ఎక్కుపెట్టిన వింటిని చెట్టుకు కట్టడం. మూడవది మాటు. దారిలో గొర్రెను కట్టి, చుట్టూ జిగురు పూసిన గడ్డిపరకలు పరుస్తారు. గొర్రె మీదికి వచ్చిన పులి కాళ్ళకు జిగురు అంటుకొని, వదిలించుకోబోయి, చివరికి అలసి సొమ్మసిల్లుతుంది. అప్పుడు మాటులోని వేటగాళ్ళు వచ్చి చంపుతారు, లేదా ప్రాణాలతో పట్టుకుంటారు.

మొదటి పద్ధతిలో మేక బతుకుతుంది. మూడవ దానిలో గొర్రె గతి ఏమైనదో అబుల్ ఫజల్ చెప్పడు. మేకకు అడ్డు కట్టడం దయతో చేసినదో, ఎర మరునాటికి మిగలాలన్న పొదుపుతో చేసినదో గాని, రెండు మార్గాలూ సాధ్యమేనని పదహారవ శతాబ్దపు వేటగాళ్ళకు తెలుసునన్నది స్పష్టం.

అక్బరు వేట వెనుక ప్రజల స్థితిగతులను ముందు కబురు లేకుండా తెలుసుకొనే ఉద్దేశం ఉండేదని అబుల్ ఫజల్ సమర్థించాడు. జహాంగీరుకు అటువంటి సమర్థన అవసరం అనిపించలేదు. పన్నెండవ ఏట నుండి చాంద్రమానం ప్రకారం యాభైవ ఏడు వరకు తన సమక్షంలో వేటాడిన జంతువులు 28,532 అని, వాటిలో 17,167 తాను స్వయంగా చంపినవని, పులులు 86 అని ‘తుజుక్’లో గుమాస్తా వలె లెక్క రాయించాడు. అదే జహాంగీరు, మనుమడు షాహ్ షుజా జబ్బుపడినప్పుడు, ఇకమీద ఏ ప్రాణినీ తన చేతితో హింసించనని మొక్కుకున్నాడు. కొన్నేళ్ళకు మళ్ళీ తుపాకి పట్టాడు. లెక్క తెలిసినవాడు, ఆ లెక్కకు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని ఆపద వేళ గుర్తుచేసుకున్నాడు. ఆ మొక్కును మనం ఈ విధంగా అర్థం చేసుకోవచ్చు.

యాత్రికుల దారిలో

మొగలుల తరువాత తుపాకి శక్తి పెరిగింది. మంచె మీది వేట సంస్థానాధీశులకు, దొరలకు హోదా చిహ్నమైంది. హైదరాబాదు సంస్థానంలో వరంగల్ జిల్లా నెక్కొండ వద్ద 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులి వెనుక నిలుచున్న ఛాయాచిత్రం ప్రసిద్ధం. అటువంటి వేటలకు ముందుగా అడవిలో దున్నదూడలను ఎరగా కట్టడం ఆనాటి మామూలు. వాటికి ఛాయాచిత్రంలో చోటు లేదు.

అయితే మంచె మీది వేట అంతా ఈ కోవకు చెందదు. గఢ్వాల్ కొండలలో కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికులు నడిచే దారిమీద, రుద్రప్రయాగ వద్ద, ఒక చిరుత 1918 నుండి 1926 వరకు 125 మందిని చంపినట్లు ప్రభుత్వ లెక్క. సుమారు 500 చదరపు మైళ్ళ ప్రాంతంలో చీకటి పడితే తలుపు తెరచినవారు లేరు. దానిని చంపడానికి ప్రభుత్వం బహుమానాలు ప్రకటించింది. ఇనుప బోనులు, విషం, తీగ తగిలితే పేలే తుపాకులు అన్నీ వాడారు. ఈ చివరిది అబుల్ ఫజల్ చెప్పిన వింటి పద్ధతికి కొత్త రూపమే. చివరికి జిమ్ కార్బెట్ గులాబ్రాయి వద్ద దారి పక్కనున్న మామిడిచెట్టు ఎక్కి, కింద మెడలో గంట కట్టిన మేకను ఉంచి, రాత్రుల తరబడి కాచాడు. 1926 మే నెల ఆరంభంలో ఒక రాత్రి గంట మోగింది. దీపం వేసి ఒక్క గుండు కాల్చాడు. వెంటనే దీపం ఆరిపోయింది. తెల్లవారి దిగివస్తే మేక స్నేహంగా అరిచి పలకరించిందని ఆయన రాశాడు. చిరుత కొంత దూరాన చచ్చి పడి ఉన్నది. ముసలి మగ చిరుత.

మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు సులభంగానే కనబడుతుంది. మొదలుపెట్టినది చిరుత, చంపినవానిపై ఏ నిందా లేదు. కాని కార్బెట్ స్వయంగా అంతటితో ఆగలేదు. 1918లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి ప్రబలినప్పుడు శవాలకు పూర్తి దహనం జరపడం సాధ్యం కాక లోయలలోకి తోసివేశారని, చిరుతకు మనిషి మాంసం రుచి అక్కడే తెలిసిందని ఆయన అభిప్రాయం. ఆ చిరుత మనిషి చట్టాన్ని అతిక్రమించింది గాని ప్రకృతి ధర్మాన్ని కాదని కూడా అన్నాడు. అంత ద్వేషింపబడిన మృగం కళేబరం పక్కన కూర్చొని కూడా, మొదలు ఎక్కడ అని వెనక్కి వెనక్కి వెదికిన మనిషి ఆయన. హిదాయా హజ్ ప్రకరణం ఆయన చదివి ఉండడు. ప్రశ్న మాత్రం అదే.

నేటి బోను

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోద వేటకు స్వస్తి చెప్పింది. ఆ చట్టం 11వ సెక్షను ప్రకారం చిరుత వంటి జంతువు మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమైనప్పుడు, లేదా తేరుకోలేని విధంగా జబ్బుపడినప్పుడు, దానిని పట్టుకోవడం గాని, మత్తిచ్చి తరలించడం గాని వీలుకానప్పుడే ముఖ్య అధికారి వేటకు అనుమతించవచ్చు. మీదపడిన మృగానికీ, మన దారిన మనం వెళ్ళి కెలికిన మృగానికీ హనఫీ పండితులు చూపిన తేడా ఇందులో వేరొక భాషలో వినబడుతుంది.

2023 ఆగస్టులో అలిపిరి నుండి తిరుమలకు వెళ్ళే నడకదారిలో ఒక చిరుత ఆరేళ్ళ బాలికను పొట్టనబెట్టుకుంది. రుద్రప్రయాగలో వలెనే ఇదీ యాత్రికుల దారి. అటుపిమ్మట అటవీ శాఖ బోనులు పెట్టి పలు చిరుతలను పట్టింది. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయంలో ప్రవేశించిన చిరుత కొన్ని రోజులు తప్పించుకు తిరిగి, మే నెల మొదట్లో, మేకను ఎరగా ఉంచిన బోనులో పడింది. దానిని నల్లమల అడవికి తరలించారు. ఇప్పటి బోనులలో సాధారణంగా ఎరకు వెనుక వేరే అర ఉంటుంది, నడుమ ఇనుప జాలీ ఉంటుంది. అక్బరు బోనులో మేకకు కట్టిన అడ్డు నాలుగు వందల ఏళ్ళ తరువాత మళ్ళీ ప్రత్యక్షమైంది. మంచె మీద తుపాకి లేదు, చిరుతా బతికింది.

అయినా రెండు ప్రశ్నలూ మిగిలే ఉన్నాయి. అడవి అంచున కుప్పలు పోసిన చెత్త, దానికై మూగే కుక్కలు, కుక్కలకోసం వచ్చే చిరుత: ఈ వరుసలో మొదలు ఎవరిది? బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు ఈ ప్రశ్న వేయడం క్రూరత్వం. బోను పెట్టే అధికారులు, చెత్త పోసే పురపాలకులు, మనమందరం దానిని మనకు మనం వేసుకోవాలి. రెండవది ఇంకా చిన్న ప్రశ్న, ఎవరైనా జవాబు చెప్పగలిగినది. ఆ వెనుక అరలోని మేకకు రాత్రికి నీళ్ళు, మేత పెట్టారా? జాలీ గట్టిగా ఉందా? పని ముగిశాక దానిని ఎవరైనా బయటకు తీశారా? కట్టివేసినవాడికే ఆ ప్రాణి అమానతు. చిరుత దొరికినా దొరకకపోయినా ఆ లెక్క తీరదు.

వల్లాహు అఅలమ్. అల్లాహ్‌యే బాగా ఎరిగినవాడు.